బాపయ్య గారి పిలుపుల జాబితా

పెళ్లయి దర్శి వచ్చిన కొత్తలో నాకు అన్నీ బాగుండేవి. మిరపకాయల టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుని ట్రాక్టరు మా వీధిలోంచి పోతే చాలు, వరసగా తుమ్ములు వచ్చేవి. మా ఆయన హయాత్ పక్కన నిలబడి వాటిని లెక్కపెట్టేవాడు. “తొమ్మిది! నిన్నటికంటే రెండెక్కువ” అని చప్పట్లు కొట్టేవాడు. సాయంత్రం బండి మీద అద్దంకి రోడ్డు దాకా వెళ్లి, ఉల్లిపాయ ముక్కలు కూరిన బజ్జీలు కాగితంలో పెట్టించుకుని, పత్తి చేల గట్టు మీద కూర్చుని తినేవాళ్లం. పెద్దల ముందు అతన్ని ‘ఏవండీ’ అని పిలిచి, వీధి మలుపు తిరగ్గానే ‘హయాత్’ అని పిలవడం కూడా నాకు సరదాగానే ఉండేది.

“చీరాల పిల్ల. సముద్రపు గాలికి పెరిగింది, మన కారం ఏం తట్టుకుంటుంది?” అని మా అత్తయ్య జాన్‌బీ నాకోసం కూర విడిగా తీసిపెట్టేది.

బస్టాండు ఎదురుగా మా మావయ్యకు డీటీపీ కొట్టుంది. ఆయన పేరు మీరా హుస్సేన్. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, పత్తి విత్తనాల కరపత్రాలు అన్నీ ఆయనే కొట్టేవారు. పదహారేళ్లప్పుడు సీసం అక్షరాలు పేర్చే ప్రెస్సులో చేరి, ఆ తర్వాత కంప్యూటర్ కొనుక్కుని తనంతట తానే నేర్చుకున్నారు. ఆయన కీబోర్డు వంక చూడరు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తూ కొడతారు. చెప్పేవాళ్లు వాక్యం ముగించేసరికి తెర మీద ఆ వాక్యం ఉంటుంది. పెళ్లయిన వారానికే నేను ఒక స్టూలు లాక్కుని అలా చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాను.

శుభలేఖతో పాటు ఆయన పిలుపుల జాబితా కూడా కొట్టిచ్చేవారు. ఏ ఊళ్లో ఎవరెవరిని పిలవాలి, ఏ గడప ముందు, ఏది వెనక, పిలిచేటప్పుడు బొట్టు ఎవరికి పెట్టాలి, కార్డు ఎవరి చేతిలో పెట్టాలి. ఇదంతా ఇంటి ఆడవాళ్లు వచ్చి, కూర్చుని, ఊరి వారీగా చెప్పేవారు. ఒక్క గడప తప్పితే తరాల తరబడి మాటలుండవు ఈ ఊళ్లలో.

చిక్కల్లా ఆ కంప్యూటర్‌తోనే వచ్చింది. అందులో ఉన్నది ఎప్పటిదో పాత విండోస్. ఆయన తెలుగు టైపింగ్ దాని మీదే నడుస్తుంది. కానీ ఇప్పుడు పిల్లలు హాల్‌టికెట్ల కోసం, దరఖాస్తుల కోసం వస్తే ఆ సైట్లు దాంట్లో తెరుచుకునేవి కావు. వచ్చినవాళ్లు వచ్చినట్టే పక్క సెంటర్‌కి పోయేవారు.

“పాతది నెమ్మదే. నేనూ నెమ్మదే. ఇద్దరికీ సరిపోయింది” అనేవారు మావయ్య.

“కస్టమర్లకి సరిపోవద్దా నాన్నా?” అనేవాడు హయాత్.

ఈ వాదన ఇంట్లో అన్నం దగ్గర కూడా నడిచేది. ఒకరోజు అత్తయ్య విసుక్కుంది. “తండ్రీ కొడుకులు ఇక ఆపండి. ఇంటికి కంప్యూటర్ చదివిన కోడలొచ్చిందిగా, దాన్నడగండి.”

మావయ్య నా వంక చూశారు. “నువ్వు చెప్పమ్మా సిద్దికా. పాతదుంచుదామా, కొత్తది వేద్దామా? నువ్వేదంటే అదే.”

అత్తింట్లో నన్ను అడిగిన మొదటి పెద్ద విషయం అది. నాకు చెప్పలేనంత గర్వం వచ్చింది. ర్యామ్ పెంచుకుంటే ఇదే సిస్టమ్ మీద కొత్త విండోస్ నడుస్తుందని, తెలుగు ఇప్పుడు ఫోన్లో కొట్టినట్టే కొట్టొచ్చని, పాతదానికి వైరస్ ఎప్పుడైనా పట్టొచ్చని పది నిమిషాలు చెప్పాను. మావయ్య అంతా విన్నారు. “సరేనమ్మా, వెయ్యి” అన్నారు.

ఆదివారం హయాత్, నేను కొట్టు తాళం తీసి కూర్చున్నాం. తెర మీద ఉన్నవి, ఫోల్డర్లలో ఉన్నవి ఒక్కటి కూడా వదలకుండా పెన్‌డ్రైవ్‌లోకి తీశాను. రెండుసార్లు సరిచూశాను. తర్వాత పాతది తుడిచేసి కొత్తది ఎక్కించాను. నీలం తెర వెలిగినప్పుడు హయాత్ సోడా తెచ్చి, “దర్శిలోకెల్లా గొప్ప ఇంజనీరుకి” అంటూ నా చేతికిచ్చాడు.

రెండు వారాలు కొట్టు కళకళలాడింది. పిల్లలు వరస కట్టేవారు. మావయ్య మాత్రం ఒక వేలితో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవారు. కీబోర్డు వంక చూడక తప్పేది కాదు. “అలవాటవుతుందిలే మావయ్యా” అంటే, “అవుతుందమ్మా” అనేవారు.

మూడో వారం సోమవారం పొద్దున బాపయ్య గారు వచ్చారు. పక్క పల్లె రైతు. ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే కేక వేస్తారట. ఆ రోజు చప్పుడు లేకుండా వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

“హుస్సేనూ, మీ చెల్లెలు పోయిందయ్యా” అన్నారు.

మావయ్య లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నారు. “ఎప్పుడు?”

“బుధవారం. ఆసుపత్రిలో. ఎవురికీ చెప్పుకోను వీలు కూడా లేదు, ఉన్నోళ్లం ఉన్నట్టు దహనం కానిచ్చాం. ఎనిమిదేళ్ల కిందట పిల్ల పెళ్లికి రెండు పూటలు నీ దగ్గిర కూర్చుని పేర్లు చెప్పింది చూడు. అదే కలవరించింది. ‘హుస్సేనన్న కొట్లో జాబితా ఉంది, తీసుకో. నా పెద్దకర్మకి ఎవుర్నీ మరవొద్దు’ అంది. అదే ఆఖరు మాట. ఆదివారం పెద్దకర్మ. అది తీసియ్యి, పొయ్యి పిలుచుకోవాల.”

బాపయ్య గారి భార్య సీతారత్నమ్మ గారిని నేను చూడలేదు. కానీ రెండు వందల పైచిలుకు గడపలు కాగితం చూడకుండా చెప్పిందని మావయ్య ఆమెని ఇంట్లో తలుచుకోగా విన్నాను.

మావయ్య కంప్యూటర్ ముందుకు వచ్చి, తెర మీద మూలనున్న చెత్తబుట్ట బొమ్మ నొక్కారు. మూసి, ఇంకోసారి నొక్కారు.

“అమ్మా, బుట్ట ఖాళీగా ఉందేంటి?”

“కొత్తది కదా మావయ్యా. అందులో ఏముంటాయి? అది పనికిరానివి పారేసే బుట్ట.”

ఆయన నా వైపు తిరిగారు. “పారేసేదా?”

అప్పుడు చెప్పారు. ప్రెస్సులో పని చేసే రోజుల్లో ఒక కుటుంబం కార్డు అచ్చయ్యాక, పేర్చిన అక్షరాలను విప్పకుండా దారంతో కట్టి బల్ల కింద బుట్టలో పెట్టేవాళ్లట. ఆ ఇంటివాళ్లు మళ్లీ శుభకార్యానికో, అశుభానికో వస్తే ఆ కట్ట తీసి వాడుకునేవాళ్లు. కంప్యూటర్ కొన్నప్పుడు తెర మీద బుట్ట కనిపించింది. పని పూర్తయిన ప్రతిదీ అందులో వేశారు. కావలసినప్పుడు బయటికి తీసి, ప్రింటు ఇచ్చి, మళ్లీ అందులోనే వేశారు. పదిహేనేళ్లుగా. ఫోల్డర్లలోంచి నేను జాగ్రత్తగా తీసిపెట్టినవి ఇంకా పూర్తికాని పనులు, ఖాళీ నమూనాలు.

బుట్ట తెరిచి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. చదువుకున్న వాళ్లెవరికీ రాదు.

హయాత్ అప్పటికప్పుడు సిస్టమ్ విప్పి, లోపలి డిస్కు తీసుకుని ఒంగోలు బస్సెక్కాడు. మధ్యాహ్నానికి ఫోన్ చేశాడు. పాతదాని మీదే కొత్తది రాసేశారని, ఏవో నాలుగు ఫొటోలు తప్ప ఏమీ రాలేదని అక్కడి మనిషి చెప్పాడట. “ఏడవకు సిద్దూ” అన్నాడు. నేను అప్పటికే ఏడుస్తున్నాను.

బాపయ్య గారు వెళ్లలేదు, బల్ల మీదే ఉన్నారు. “తాతా, తప్పు నాది. చూడకుండా నేనే తుడిచేశాను” అన్నాను.

ఆయనకి తుడిచెయ్యడమంటే ఏమిటో అర్థమైందో లేదో తెలియదు. లేదని మాత్రం అర్థమైంది. “సర్లే పిల్లా. నాకు గుర్తున్నయి చెప్తా, రాసుకో” అన్నారు.

నోట్‌బుక్ తీశాను.

“తాళ్లూరు రాయి. అక్కడ ఆమె మేనత్త కొడుకు. ఎర్రెద్దుల జత ఉండేది, పెద్దిల్లు. పేరు… పేరేందబ్బా. పొదిలిలో ముగ్గురు. కాదు, నలుగురు. ఒకాయన పోయాడు గదా. ఆయన కోడలికి చెప్పాల. ఆమె పేరు నాకేం తెలుసు, ఆడోళ్ల పేర్లు ఆమెకే తెలుసు.”

ఒకచోట పూర్తిగా ఆగిపోయారు. తల పక్కకు తిప్పి, “ఏమేవ్, కురిచేడులో మీ పిన్ని కూతురు…” అన్నారు. పక్కన ఖాళీ బల్ల ఉంది. తల ఇటు తిప్పుకుని, తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నారు. మావయ్య లేచి నా చేతిలో పెన్ను తీసుకుని, “నేను రాస్తాలే అమ్మా, నువ్వు టీ తీసుకురా” అన్నారు.

నలభై ఒక్క గడపలు తేలాయి. అందులో ఏడింటికి పేర్లు లేవు, ఇంటి గుర్తులే ఉన్నాయి.

ఆదివారం నేనూ మావయ్య వెళ్లాం. షామియానా కింద కుర్చీలు సగం ఖాళీగా ఉన్నాయి. వడ్డించేవాళ్లు విస్తళ్లు పట్టుకుని వచ్చేవాళ్ల కోసం చూస్తూ నిలబడ్డారు. బాపయ్య గారు రోడ్డు మీదికి ఎవరొచ్చినా లేచి నిలుచుని, మళ్లీ కూర్చున్నారు.

ఇంటికొచ్చాక హయాత్ మెల్లగా అన్నాడు. “నాన్నా, పాత విండోసే మళ్లీ వేసేస్తాను. నీ టైపింగన్నా నీకుంటుంది.”

“వద్దురా. పాతది నేను ఉంచుకుందామన్నది అందులో ఉన్న మనుషుల కోసం. వాళ్లు లేనప్పుడు ఏదైతేనేం. ఇదైతే పిల్లలకి పనికొస్తుంది” అన్నారు. నన్ను ఏమీ అనలేదు. అత్తయ్యనూ అననివ్వలేదు. అంటే బాగుండుననిపించేది నాకు. హయాత్ బజ్జీలకు వెళ్దామంటే తలనొప్పి అని చెప్పి పడుకునేదాన్ని.

మరో తొమ్మిది రోజులకు, ఒక ముసలమ్మ చేతిసంచితో కొట్టు మెట్లెక్కింది. కనిగిరి అవతల పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. పేరు గురవమ్మ. సీతారత్నమ్మ గారూ తనూ ఒకే వీధిలో పుట్టారట, కలిసి పత్తి తీతకు వెళ్లేవారట. ఆమె పోయిన కబురు బస్సులో ఎవరో అనుకుంటుంటే తెలిసిందట. బాపయ్య గారింటికి వెళ్లి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది.

“బాపయ్యన్న చెప్పాడు, పేర్లన్నీ ఈడనే ఉండేవంట గదా” అంది. నేనిచ్చిన నీళ్లు తాగి గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. “పిలవలేదని తగువుకి రాలేదమ్మా. పెళ్లికి పిలిచినప్పుడు నేను జ్వరమొచ్చి రాలేకపోయా. దానికి కోపం వచ్చిందేమోనని ఇన్నేళ్లూ లోపల ఉంది. ఒక్క మాట చెప్పండి. ఆ జాబితాలో నా పేరుండిందా?”

మావయ్య జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నారు. వేల పేర్లు కొట్టిన మనిషి. ఆయన నోరు తెరిచేలోపే నేను అనేశాను.

“ఉంది పెద్దమ్మా. నేను చూశాను.”

ఆమె ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. ముందుకు వంగి నా చెయ్యి పట్టుకుంది.

“ఏ ఊరి కింద రాయించింది తల్లీ? మా పుట్టిన ఊరి కిందా, మా అత్తగారి ఊరి కిందా?”

నేను మావయ్య వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. పుట్టిన ఊరు అనబోయాను. ఏ ఊరో కూడా నాకు తెలియదు.

ఆమె ఇంకా కాసేపు నా చెయ్యి పట్టుకునే ఉంది. తర్వాత వదిలి, చేతిసంచి భుజాన వేసుకుంది. “సర్లే అమ్మా. కొత్త పెళ్లికూతురివి, కళ్లనీళ్లు పెట్టుకోమాక” అంది. నా తల మీద చెయ్యి వేసి, మెట్లు దిగి, బస్టాండు వైపు వెళ్లిపోయింది.

ఇన్నాళ్లలో మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడన్నారు.

“తెలియనప్పుడు తెలియదని చెప్పాలమ్మా.”