రెండో గాజుగొట్టం

నా కంచం వేరు. తోమిన గిన్నెలన్నీ పెరట్లో బండ మీద బోర్లించి, నా సత్తు కంచం మాత్రం గోడవారగా పెట్టాలి. "నీ ఎంగిలి మాకొద్దు తల్లీ" అని మా అత్త పెట్టిన నియమం అది. పొద్దున్నే రాగిసంగటి కెలికేది నేను, ముద్దలు చేసి అందరికీ పెట్టేది నేను. ఆ చేతులకు అంటు లేదు. మా ఆయన పక్కలోకి వచ్చేటప్పుడు ఆయనకూ కంచం సంగతి గుర్తుండదు. మొదట్లో దీనికి నవ్వొచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు.

ముగ్గురు బిడ్డలు పోయారు నాకు. ఇద్దరు ఊపిరి లేకుండానే పుట్టారు. మూడోది ఏడ్చింది, పాలు తాగింది. అరచేతుల్లో, అరికాళ్ళలో తోలు ఊడిపోయి, పురిటి స్నానం కాకముందే పోయింది. అప్పుడు ఊళ్ళోవాళ్ళు నాలుగు మాటలంటే మా ఆయన బండి కట్టి నన్ను రాజంపేట అవతలి మిషనాస్పత్రికి తీసుకుపోయాడు. తాను మాత్రం లోపలికి రాలేదు. బయట నిలబడి బీడీ ముట్టించాడు. లోపల జ్ఞానమణి అనే నర్సమ్మ నా చేతికి సూది గుచ్చి, గాజుగొట్టంలోకి రక్తం తీసి, దానికి 'సిద్దమ్మ' అని చీటీ అంటించింది. పక్కన ఇంకో ఖాళీ గొట్టం పెట్టుకుంది.

"మీ ఆయప్ప పేరేందమ్మా?" అని అడిగింది.

నేను తల వంచుకున్నాను. పెండ్లాం నోట పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నేర్పింది. "బయటుండాడక్కా, నువ్వే అడుగు" అన్నాను. జ్ఞానమణి పోయి వచ్చింది. "కడుపు నిలవనిది దానికి, సూది నాకా?" అన్నాడట. ఆ గొట్టం అట్లాగే ఖాళీగా ఉండిపోయింది.

నా రక్తం రైలెక్కి మద్రాసు పోయింది. అక్కడ ఏవో మందులు కలిపి పరీక్ష చేస్తారట. మళ్ళీ పోయేసరికి జవాబు వచ్చి ఉంది. సవాయి రోగం. దాన్నే పెద్దమనుషులు సుఖరోగమంటారు. ఎవరి సుఖమో.

"రోగముండాదని రక్తం చెప్తాది గానీ సిద్దమ్మా, యాడినుంచి వచ్చిందో చెప్పదు" అంది జ్ఞానమణి. "నీకు సూదులేస్తాం. ఆయప్ప కూడా రావాల. రాకుంటే నీకు మళ్ళీ అంటుతాది. ఇంకో ఆడదాన్ని చేసుకున్నా ఆమెకూ ఇదే, ఆమె బిడ్డలకూ ఇదే."

చెనిక్కాయల బండ్లు తోలుకుని ప్రొద్దుటూరు పోతే వారాల తరబడి రాని మనిషి మా ఆయన. నేను గడప దాటితే బావి, బావి దాటితే చేను. అయినా రోగం నాదేనని ఇంట్లో తీర్పు చెప్పేశారు. "నోరు తెరిచినావంటే నీ తప్పేనని ఊరంతా చెప్తా. మీ నాయన ఉరేసుకుంటాడు" అన్నాడు ఆయన. నేను తెరవలేదు. కోపం రావలసిన చోట నాకేమీ రాలేదు. తిమ్మిరెక్కిన కాలు మన కాలు కానట్టు ఉంటుందే, నా మనసు అట్లా ఉండిపోయింది.

ఈరోజు పొద్దున మా నాయన తిమ్మయ్య, అమ్మ, చెల్లెలు కృష్ణవేణి వచ్చారు. అత్త నా కంచాన్ని రోలు వెనక దాచింది. పెద్దదానికి కడుపు నిలవడం లేదు కాబట్టి చిన్నదాన్ని కూడా మా ఆయనకే ఇస్తే వంశం నిలబడుతుందని మగవాళ్ళు ముందే మాట్లాడుకున్నారు.

"కొత్త సంబంధమైతే వచ్చేది నిన్ను తరిమేస్తాది. చెల్లెలైతే నీకు తోడుగా ఉంటాది గదమ్మా" అన్నాడు నాయన. నాయన చెడ్డవాడు కాదు. నిజంగానే నా మంచి కోరి అన్నాడు.

అక్క తన చేత్తో చెల్లెలి ఒడిలో ఆకూవక్కా వేస్తేనే ఇట్లాంటి మాట ఖాయమైనట్టు. అది మా వైపు ఆనవాయితీ. అత్త తాంబూలం పళ్ళెం తెచ్చి నాకిచ్చింది. ఎన్నాళ్ళకో ఆ ఇంటి పళ్ళెం ఒకటి నాకు అందింది.

కృష్ణవేణి నా ఎదురుగా కూర్చుని పైట చెంగు చాపింది. చెంగు పట్టుకున్న ఆ అరచేతులు చూశాను. నున్నటి చేతులు, గోరింటాకు పండి ఉన్నాయి. తోలూడిన నా బిడ్డ చేతులు గుర్తొచ్చాయి. నాకు భయమేసింది. ఎన్నాళ్ళకో నాకేదో ఒకటి అనిపించింది.

"కానియ్యి మే, పొద్దు పోతాంది" అంది అత్త.

నేను పళ్ళెం కింద పెట్టాను.

"నాయనా, నా రగతంలో సవాయి రోగముండాది. మద్రాసులో పరీక్ష చేసి చెప్పినారు. కట్టుకున్నోణ్ణి తప్ప నేను ఎవర్నీ ఎరగను. ఆస్పత్రిలో ఇంకో గొట్టం ఖాళీగా ఉండాది. అది నిండి మద్రాసు పోయి, రోగం లేదని జవాబొస్తేనే ఈ ఆకూవక్కా."

నాయన ముఖం పాలిపోయింది. "ఎవరి రగతమమ్మా?" అన్నాడు.

"మహానందిది" అన్నాను.

"అయ్యో, మొగుని పేరు పలికిందే ముండ!" అని అత్త నోరు కొట్టుకుంది. మా ఆయన లేచి నిలబడ్డాడు. నేను ఆయన వైపు చూడలేదు. కృష్ణవేణి చాపిన చెంగును మెల్లగా దగ్గరికి తీసుకుని, నడుములో దోపుకుంది.