నిండు బస్సుకు ఏ ప్రాసెసర్?

ముప్పై నాలుగేళ్ళు హిందూపురం–ధర్మవరం రూటులో బస్సు తోలి, ఏడాది కిందట రిటైరైన హనుమంతరాయుడికి పెనుకొండలో సొంత ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకావడం లేదు. కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ ఎడమ కాలితో లేని క్లచ్ తొక్కుతాడు. ఆటో ఎక్కితే వెనక సీట్లోంచే డ్రైవరు కంటే ముందు బ్రేకు వేస్తాడు. "రిటైరయినావు గదయ్యా, ఇంగ దిగు," అంటుంది భార్య శ్యామలమ్మ. ఆ దిగడమే ఆయనకు రావడం లేదు. చెప్పుకుంటే నవ్వుతారని లోలోపలే కుమిలిపోతున్నాడు.

అలాంటివాడికి మొన్న అల్లుడి ఇంట్లో, కంప్యూటర్లో బస్సు తోలే ఆట కనబడింది. స్టీరింగు, పెడళ్ళు, గేరు, అన్నీ ఉన్నాయి. పది నిమిషాలు తోలేసరికి ముఖంలో పెళ్ళికళ వచ్చేసింది. రిటైర్మెంటు డబ్బులో కొంత తీసి తనకూ ఒక గేమింగ్ కంప్యూటర్ కొనుక్కుంటానన్నాడు. శ్యామలమ్మ వద్దనలేదు. కాకపోతే అదే డబ్బులో ధర్మవరంలో తనకొక పట్టుచీర కూడా రావాలంది. అడిగిందాంట్లో తప్పేమీ లేదు.

అలా ఇద్దరూ హిందూపురంలో బాలాజీ కంప్యూటర్ షాపుకు వచ్చారు. బాలాజీ రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టాడు. లోపల ప్రాసెసర్ ఒక్కటే తేడా, మిగతా అంతా ఒకటే. ఆ ఒక్క తేడాకు రెండోది పదకొండు వేలు ఎక్కువ. ఆ పదకొండు వేలే శ్యామలమ్మ పట్టుచీర.

"రోడ్డు, కొండ, చెట్లు గీసేది గ్రాఫిక్స్ కార్డు సార్. అది రెండిట్లో ఒకటే. మనుషుల్ని, ఎదురొచ్చే బండ్లని కదిలిచ్చేది ప్రాసెసర్," అని బాలాజీ వివరించాడు.

"అదంతా నాకు తెల్దప్పా. రెండూ తోలి చూస్తా," అన్నాడు హనుమంతరాయుడు. తోలి చూడకుండా మాటల మీద బండిని నమ్మే డ్రైవరు ఎక్కడైనా ఉన్నాడా?

మొదట చవకదాని ముందు కూర్చున్నాడు. కూర్చునే ముందు అలవాటు కొద్దీ వంగి, ఆయిల్ ఏమైనా కారుతోందేమోనని టేబుల్ కింద చూశాడు. ఏ టైము పెట్టమంటావని ఆట అడిగితే, ఎన్నో ఏళ్ళు తోలిన తెల్లవారుజాము ఫస్టు సర్వీసు పెట్టుకున్నాడు. డీజిల్ పొదుపులో డిపోలో మూడుసార్లు ప్రశంసాపత్రం అందుకున్న మనిషి. యాక్సిలరేటర్ కింద కోడిగుడ్డు ఉన్నట్టే తొక్కుతాడు. స్పీడు నలభై దాటలేదు.

"కొంచెం తొక్కు సార్, అప్పుడే గదా తేడా తెలిసేది," అని బాలాజీ బతిమాలాడు.

"తొక్కితే డీజిల్ నువ్వు పోస్తావా?"

కంప్యూటర్లో డీజిల్ ఎక్కడిదని అడిగే ధైర్యం బాలాజీకి లేకపోయింది.

అరగంట ఇది, అరగంట అది. రెండూ ఒకేలా, ఎక్కడా తడబడకుండా నడిచాయి. హనుమంతరాయుడు లేచి తీర్పు చెప్పాడు. "తేడా ఏమీ ల్యా. ఆ పదకొండు వేలు నీళ్ళలో పోసినట్టే. చవకదే కట్టు."

చీర దక్కినందుకు సంతోషించాల్సిన శ్యామలమ్మ స్క్రీన్‌లోకి వంగి వంగి చూస్తోంది.

"ఏమయ్యా, బస్సులో ఎవురూ లేరే?"

"ఫస్టు సర్వీసు గదమ్మే. జనం యాడుంటారు?"

"ఖాళీ బండి తోలి మురిసిపోతాండావా? ఇంట్లో నువ్వు కలవరించేది ఖాళీ బండినా? 'జరుగమ్మా, లోపలికి జరుగు' అని నిద్రలో నన్ను గోడకు నూకుతాండావే!"

షాపులో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. హనుమంతరాయుడికి చురుక్కుమంది, ఎందుకంటే మాట నిజం. కొత్తచెరువులో గంపలతో ఎక్కే ఆడవాళ్ళు, ధర్మవరం చీరల మూటలు, చిల్లర కోసం కండక్టరుతో గొడవలు. ఏడాదిగా ఆయన బెంగంతా వాటి మీదే.

"సాయంత్రం అయిదు గంటల ట్రిప్పు పెట్టప్పా. జనం ఫుల్లుగా ఉండాల," అన్నాడు.

చవకదాంట్లో మొదటి స్టాపులో ఇరవై మంది ఎక్కారు. రెండో స్టాపులో గుంపు మీద పడేసరికి కంప్యూటర్‌కు ఆయాసం వచ్చింది. ఎర్రచీర కట్టిన ఒకావిడ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, రెండోది గాలిలో ఉండగానే నిలబడిపోయింది. ఇంకొకరైతే ఆట ఆపేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. హనుమంతరాయుడు హ్యాండ్‌బ్రేకు వేశాడు. ఫుట్‌బోర్డు మీద మనిషి ఉండగా ఆయన ఏనాడూ బండి కదిలించలేదు.

"ఎక్కమ్మా! బిరీన ఎక్కు!"

"ఆమె ఎక్కదు సార్, హ్యాంగ్ అయింది."

"అయితే లోపలోళ్ళు ఎవురన్నా చెయ్యిచ్చి లాగండప్పా!"

లాగే నాథుడు లేడు. ఆయన పక్క కుర్చీలోకి మారి, ఖరీదైనదాంట్లో అదే ట్రిప్పు పెట్టాడు. అదే స్టాపు, అదే ఎర్రచీర. ఆవిడ చకచకా ఎక్కేసింది. ఆవిడ వెనకాలే ఊరు ఊరంతా ఎక్కింది. స్క్రీన్‌లో డ్రైవరు అద్దంలోకి చూస్తే నిండు బస్సు, ఎటు చూసినా తలలే. హనుమంతరాయుడి కళ్ళు చెమర్చాయి. ఈ ఏడాదిలో ఆయనకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆ సంతోషంలోనే చీర గుర్తొచ్చింది. భార్య ముఖం చూడలేక అద్దంలోకే చూస్తూ, "చవకదే చాల్లేమ్మే. ఫస్టు సర్వీసే తోలుకుంటా," అన్నాడు.

జనం ఎక్కడం అయిపోయింది, బస్సు మాత్రం కదలడం లేదు.

"అందరూ ఎక్కినారు గదా, పోనీ సార్," అన్నాడు బాలాజీ.

"ఎట్ల పోనిచ్చేది? కండక్టర్ రైట్ చెప్పల్ల గదా."

ఆటలో కండక్టరు లేడు. చెప్పందే ఈయన కదలడు. శ్యామలమ్మ కుర్చీ వెనకకు వచ్చి నిలబడింది. టేబుల్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, షాపంతా వినబడేలా "రైట్ రైట్!" అంది.

బస్సు కదిలింది.

"సార్, ఇంతకీ ఏది కట్టమంటావు?" అని బాలాజీ ముందుకు వంగాడు.

శ్యామలమ్మ అతన్ని రెక్క పట్టుకుని పక్కకు లాగింది. చేతిసంచిలోంచి డబ్బు కట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎక్కువ రేటుదే కట్టు నాయనా. ఏమన్నా అడగాలంటే నన్నడుగు. బండి కదిలినాక డ్రైవరుతో మాట్లాడగూడదు."