పారబోసిన పులుపు

మా ల్యాబులో పని ఓపికున్నవాళ్ళది. ప్లాస్టిక్ ముక్కను వేడినీళ్ళ సీసాలో వేసి, మూత పెట్టి, అది ఎప్పుడు నీరసిస్తుందా అని కనిపెట్టుకుని ఉండడమే. కొత్త కోడలిని అత్తగారు కూడా అంత శ్రద్ధగా గమనించదు.

ఈసారి సీసాల్లో ఉన్నవి నడుం పట్టీలు. నీళ్ళ కింద వంతెన స్తంభాలను తనిఖీ చేసేవాళ్ళు ఆ పట్టీకే తాడు తగిలించుకుని దిగుతారు. వాళ్ళలో మా తమ్ముడొకడు. నిరుటి నుంచి వాడుతున్న ఈ రకాన్ని ఇక ముందూ వాడవచ్చో లేదో తేల్చాల్సింది నేను.

నెలలు గడిచినా పట్టీలు చెక్కుచెదరలేదు. సంతోషం పట్టలేక తమ్ముడికి ఫోను చేసి, నిశ్చింతగా దిగమన్నాను.

మర్నాడు పొద్దున ల్యాబులోకి వెళ్ళేసరికి మా అటెండరు సీసాలు వంచుతున్నాడు. ఆయన్ని అందరం బాబాయి అంటాం. మరక కనిపిస్తే ఆయనకు ముద్ద దిగదు.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"నీళ్ళు మారుస్తున్నానమ్మా. ఊరికే పులుపు వాసన కొడుతున్నాయి. చూస్తూ ఊరుకుంటామా?"

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. నువ్వొచ్చేసరికి అద్దంలా ఉండాలి కదా!"

కోపం నషాళానికంటింది. ఈ రకం ప్లాస్టిక్‌ లోపల గొలుసులా ఉంటుంది. నానే కొద్దీ నీరు ఆ గొలుసును లింకు లింకుగా తెంచుతుంది. తెగినచోట ఆమ్లం పుట్టి, మిగతా లింకులను ఇంకా తొందరగా తెంచుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. బాబాయి రోజూ ఆ దొంగను బయటికి పారబోస్తున్నాడు, అందుకే నా సీసాల్లో పట్టీలు చెక్కుచెదరలేదు. తమ్ముడి పట్టీ మాత్రం తడితడిగానే మూతపెట్టెలో, ఎండలో పడి ఉంటుంది. అక్కడ నీళ్ళు మార్చేవాళ్ళెవరూ లేరు.

ఆయన మీద అరిచి ఏం లాభం? ఫోను అందుకున్నాను.

"ఎక్కడున్నావురా?"

"పడవలో. పట్టీ పెట్టుకుంటున్నా. ఏంటక్కా పొద్దున్నే?"

"అది తీసి, మడిచి గట్టిగా నలుపు."

"పిచ్చా నీకు? నిన్ననేగా బాగుందన్నావు! చూడ్డానికి కొత్తదానిలా ఉంది."

"చెప్పింది చెయ్యరా."

వాడు ఫోను పక్కన పెట్టి పట్టీ విప్పుతున్న చప్పుడు వినిపించింది. నాకు భయం వేసింది. వాడు నాకు ఒక్కగానొక్క తమ్ముడు.

"అక్కా," అన్నాడు చివరికి, మెల్లగా. "విరగడం కూడా కాదు, చేతిలో పొడైపోయింది."

"దిగొద్దు. ఎవర్నీ దిగనివ్వొద్దు."

"సరే."

పట్టీలు విప్పేయమని వాడు పడవలో వాళ్ళకు చెప్పడం వినిపించింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. సంగతేమిటో తెలియని బాబాయి కుర్చీ జరిపి, భుజం మీది తువ్వాలు నా చేతిలో పెట్టాడు.