కింద రాసినవి కూడా

ఫిషింగ్ హార్బరు గేటు ఎదుట ఉన్న ఇంటర్నెట్ సెంటరులో, మిట్టమధ్యాహ్నం వేళ, రాధ తన అన్న శవాన్ని కంప్యూటరు తెరపై చూస్తూ నిలుచుంది. మొన్నటి అమావాస్యనాడు ఆ అన్న సూరన్నను జెట్టీమీద నరికినవాడు దొరబాబు. చూసినవారెవరూ నోరు విప్పలేదు. కాని మదం తలకెక్కిన ఆ హంతకుడు, చిత్రగుప్తునికి శ్రమ లేకుండా, శవంపై కాలుమోపి తీయించుకున్న ఫొటోను ఇంటర్నెట్టులోని తన పేజీలో తానే పెట్టుకున్నాడు. అది సెంటరు నడిపే మోహనకృష్ణ కంటబడింది. అతడే రాధకు కబురంపాడు.

"ఫొటో ఒక్కటీ సీడీలో ఎక్కిస్తే సరిపోదాండి?" అన్నాడు మోహనకృష్ణ.

"కింద ఆళ్లు రాసినయి కూడా కావాల బాబూ. 'కాళ్లు నాను పట్టకపోతే నీ వల్లయ్యేదా బావా' అని ఆడి బామ్మర్ది నీలకంఠం రాసీసినాడు గదా! రేపు తుడిసీత్తే కోర్టులో నా మాట నమ్మీదెవులు?"

సీడీ తిరగసాగింది. అంతలో తలుపు తోసుకుని దొరబాబు వచ్చాడు. వకీలు చీవాట్లు పెట్టగా పేజీ చెరిపివేయడానికి, ఎప్పుడూ వచ్చే చోటికే వచ్చాడు. తెరమీద తన ముఖమే ఎదురైంది.

"ఏటే సేత్తన్నావ్?"

కీబోర్డు పెరికి మోహనకృష్ణ ముఖాన మోదాడు. ముక్కు చితికి నెత్తురు చిమ్మింది. ఆపై వాని చేయి కరెంటు తీగవైపు సాగింది. తీగ ఊడితే సర్వమూ పోతుంది. వాని చూపు తనవైపు తిప్పుకోక తప్పదని రాధ గ్రహించింది.

"ఎనకనుంచి నరికిన మగోడివి! మాయన్న ఎదురుగుంటే లుంగీ తడిపీసుందువు!" అని నవ్వి, ముఖాన ఉమ్మింది.

వాడు జుట్టుపట్టి ఆమె తలను గోడకు కొట్టాడు. నాడు సభలో ద్రౌపది దేవుణ్ణి పిలిచింది. రాధ ఎవరినీ పిలవలేదు. దెబ్బ దెబ్బకూ మరింత ఘోరమైన తిట్టు వెతికింది. వాడు ఆమెను కింద పడవేసి డొక్కలో తన్నాడు.

"ఇంకా నవ్వుతన్నావేటే?"

బల్లకింద కంప్యూటరు పెట్టెలోంచి సీడీ బయటికి వచ్చింది. మోహనకృష్ణ అది అందుకుని లేచాడు. దొరబాబు అతనివైపు తిరిగేసరికి రాధ వాని కాలిని పెనవేసుకుని పిక్కను పళ్లతో పట్టింది. వాడు బొబ్బపెట్టి స్టూలు ఎత్తాడు. ఒక్క వేటుకు ఆమె మోచేయి విరిగింది. పళ్లు సడలలేదు.

వాకిట కదులుతున్న సిటీబస్సు మెట్టుపైకి మోహనకృష్ణ దూకడం కళ్లారా చూసిన తరువాతనే ఆమె నోరు విడిచింది. స్టూలు మళ్లీ పైకి లేచింది.