మెడచుట్టూ ఎర్రగీత

కోడలు రాత్రంతా బేకరీలో రొట్టెలు కాల్చి, తెల్లారాక ఇంటికొచ్చి మంచమెక్కితే ఇక మొద్దు నిద్రే. "చెవి పక్కన డోలు వాయించినా లేవదు" అని మొగుడు వేళాకోళం చేసేవాడు.

అత్తగారు పోయిన నెలకు మామగారు ఆవిడ గొలుసు తెచ్చి కోడలికిచ్చాడు. "మీ అత్త మెడలోంచి ఒక్కరోజూ దిగలేదమ్మా ఇది. నువ్వు వేసుకో."

మూడో రోజుకే మెడచుట్టూ కందింది. వారానికి నీటిపొక్కులు లేచాయి. చర్మాల డాక్టరమ్మ చూసి, "ఇందులో నికెల్ కలిసింది. నీ ఒంటికి పడదు, తీసెయ్" అంది. ఆ సాయంత్రమే గొలుసు తీసి మామగారికి ఇచ్చేసింది. ఆయన ఆమె మెడకేసి చాలాసేపు చూశాడు.

రెండు వారాలు మందు రాసినా తగ్గలేదు. సరిగ్గా గొలుసు వెడల్పునే చర్మం పగిలి రసి కారుతోంది.

"ఇంకా వేసుకుంటున్నావు" అంది డాక్టరమ్మ.

"ఒట్టండీ, ముట్టుకోనైనా లేదు."

"ఈ పొక్కులు నిన్నటివమ్మా."

కోడలు మర్నాడు పొద్దున్నే మంచమెక్కి, నిద్ర రాకుండా అరచేతిలో గోళ్లు గుచ్చుకుంటూ కళ్లు మూసుకుంది. కాసేపటికి తలుపు మెల్లగా తెరుచుకుంది. మెడ కింద చల్లగా ఏదో పాకింది. కొక్కెం పడింది. చెవి దగ్గర మామగారి గొంతు, లాలిస్తున్నట్టు:

"దురదకే ప్రాణం పోతుందటే? తీయొద్దని ఎన్నిసార్లు చెప్పాను! మధ్యాహ్నం దాకా ఉంచుకో, నేనే తీస్తాగా."

ఆమె దిగ్గున లేచింది. ఆయన ఉలిక్కిపడనైనా లేదు. ఆమె కొక్కెం విప్పి, గొలుసు ఆయన మెడలోనే వేసింది.

"అంత ముద్దయితే మీరే వేసుకోండి మామయ్యా."

ఆయన బుద్ధిగా తలూపాడు.

సాయంత్రం సంగతి విని మొగుడు తల దించుకున్నాడు. "అమ్మ మెడ మీద ఎప్పుడూ పుండే. అందుకే మండుటెండలోనూ మెడ కప్పుకునేది. నాన్న ముందు ఎవరమూ ఆ మాట ఎత్తేవాళ్లం కాదు."

నెల తిరిగేలోగా ఇద్దరూ వేరే ఇల్లు చూసుకున్నారు. అప్పటికి ఆమె మెడ మానింది. వెళ్లే రోజు పెట్టెలు బయటికి మోస్తుంటే మామగారు అద్దం ముందు కాలరు లాగి మెడ తడుముకుంటూ కనిపించాడు. గొలుసు మెడలోనే ఉంది.

"చూడమ్మా, ఎంత నున్నగా ఉందో. ఒక్క పొక్కు లేదు" అని నవ్వాడు. "అయితే మీ అత్త ఇన్నేళ్లూ నాతో అబద్ధమే ఆడిందన్నమాట."