తెల్లబూజు పట్టినవి

ఛీ, ఎంత బలిశాయో, చిటికెనవేలంత లావున, పట్టకారుతో పట్టుకుంటే చాలు నోట్లోంచి పచ్చటి రసం కక్కుతాయి, ఈ పరిశోధన కేంద్రం పురుగుల గదిలో పన్నెండేళ్లుగా వీటినే పెంచుతున్నా అసహ్యం మాత్రం పోలేదు, రెట్ట కంపు జుట్టుకు పడుతుంది, తినబోతే వేళ్లకు ఉంటుంది, ఎడమ వరుస డబ్బాల్లో తెగులు మందు కొట్టిన క్యాబేజీ ఆకులు, కుడి వరుసలో కొట్టనివి, డబ్బాకు ఇరవై పురుగులు, రోజూ లెక్క రెండువైపులా ఇరవయ్యే, అందుకే సారు నివేదికలో రాసేశాడు, ఈ మందు ఆకుమచ్చను చంపుతుందే గాని ఆకు తినే పురుగు జోలికి పోదని, కింద నా సంతకం కావాలట, మధ్యాహ్నంలోగా, ఇప్పటికే తలుపు దగ్గర రెండుసార్లు దగ్గి వెళ్లాడు.

పొద్దున అన్నయ్య తన క్యాబేజీ తోటనుంచి వచ్చి ఈ బల్ల మీదే సంచి బోర్లించాడు, ఆకులని తెచ్చాడు గాని అన్నీ ఈనెలే, జల్లెడలు నయం, నువ్వు కొట్టమన్నావనే కదమ్మా ఈ తెగులు మందు మూడుసార్లు కొట్టాను, మచ్చ పోయింది, దాంతోపాటు ఆకూ పోయింది అని నవ్వబోయి నవ్వలేకపోయాడు, ఎప్పుడూ ముసురు పట్టిందంటే పురుగులు తెల్లగా బూజు పట్టి బిగుసుకుని చచ్చేవి, ఈసారి ఒక్కటి చస్తే ఒట్టు, సగం తోట తినేశాయి, మిగతా సగానికి నాలుగోసారి కొట్టనా మాననా, అదొక్కటి చెప్పు, బయట బెంచీ మీద కూర్చుంటాను అన్నాడు.

తెల్లగా బూజు పట్టి, ఆ మాట దగ్గరే నా చేయి స్పిరిట్ సీసా మీద ఆగిపోయింది, కుడి వరుసలో రెండు రోజులకో మూడు రోజులకో కనపడేవి అవే కదా, కొయ్యబారి, పిండి చల్లినట్టు, చూస్తే ఒళ్లు జలదరించేది, డబ్బా మురికికి కుళ్లాయనుకుని బకెట్లో పారేసి, స్పిరిట్‌తో తుడిచి, వాటి చోట బతికున్నవి వేసి ఇరవై అని రాసేదాన్ని, చచ్చినవాటిని లెక్కే పెట్టలేదు, ఎడమ వరుసలో మాత్రం ఒక్కటీ తీయాల్సి రాలేదు, అబ్బ ఎంత శుభ్రంగా ఉన్నాయో అని మురిశాను కూడా, ఆకుమచ్చా ఒక రకం బూజే, దాంతోపాటు పురుగును చంపే బూజునూ ఆ మందు చంపేస్తోందని ఈ మట్టిబుర్రకు తట్టలేదు, చిన్నప్పుడు కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతుంటే అన్నయ్య శుభ్రాలమ్మా అని ఏడిపించేవాడు, ఏడిపిస్తే ఏడిపించాడు, నిజమే చెప్పాడు.

మళ్లీ దగ్గు, సారే, ఉన్నదంతా చెప్పాను, ఆయన పళ్లికిలించి, పారేసినవి ఎవరు చూశారమ్మా, రెండేళ్ల కష్టం, కానిచ్చేద్దూ అన్నాడు, ఆ నవ్వు ముందు పురుగు కక్కే రసమే నయమనిపించింది, థూ, అయినా ఆయన్నని ఏం లాభం, పారేసిన చెయ్యి ఆయనది కాదు, కుడి వరుస మూడో డబ్బాలో ఇవాళ కూడా ఒకటి తెల్లబడి ఉంది, అలవాటుగా పట్టకారు లేచింది, దించేశాను, లెక్కల పుస్తకంలో ఇరవై కొట్టేసి పందొమ్మిది రాశాను, సంతకం చేయకుండానే నివేదిక ఆయన చేతికే ఇచ్చి బయటికొచ్చాను, అన్నయ్య లేచి నిలబడ్డాడు, వద్దన్నయ్యా, కొట్టకు అన్నాను, ఇన్నేళ్లూ నాకు అసహ్యం పురుగులంటే అనుకున్నాను, కాదు, నేను ముట్టడానికి అసహ్యించుకుని పారేసిందే అన్నయ్య తోటకు ఉన్న ఒకే ఒక్క కాపలా.