విరుగుడు తేట

చినబాబు కడుపులో ఏదీ నిలవడం లేదు. గంజి పడితే కక్కేస్తున్నాడు, పాలు పడితే కక్కేస్తున్నాడు. రెండేళ్ళ పిల్లాడు, ఏడవడానికి కూడా ఓపిక లేక తల్లి తాయారు ఒళ్ళో వేలాడిపోతున్నాడు.

అలాంటప్పుడు విరుగుడు తేట పట్టాలని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. నిరుటిదాకా అదేం గగనం కాదు. ముఖలింగం దారిలో నగరేశ్వరరావు మిఠాయి కొట్టు వెనక రోజూ కాగులకొద్దీ పాలు విరిచేవారు. విరుగుడు ముద్ద పర్లాకిమిడి వెళ్ళేది. తేట మాత్రం చెంబు పట్టుకొచ్చినవాళ్ళకి ఊరికే పోసేవారు. ఇప్పుడు పట్నం పాల లారీ వచ్చి ఊళ్ళో పాలన్నీ ఊడ్చుకుపోతోంది.

"ఇరగ్గొట్టడానికి పాలేవమ్మా? వంశధార పొడుగునా కొట్లన్నిటికీ ఇదే గతి," అని నగరేశ్వరరావు బోర్లించిన కాగు చూపించాడు. తాయారు ఖాళీ చెంబుతో వెనక్కి తిరిగింది.

ఇంట్లో విరుచుకోవచ్చుగా అంటారేమో. ఇంటి పాలు చేతులారా విరిస్తే ఆ గేదె పొదుగు ఎండిపోతుందని అక్కడి రైతుల గట్టి నమ్మకం. కొట్టువాడి కాగులో కలిసిన పాలకి మాత్రం ఆ దోషం లేదట. ఈ లెక్క ఎవరు పెట్టారో గానీ వాళ్ళ నోట్లో మన్ను పొయ్య.

పక్కింటి జగ్గమ్మకి ఉన్న ఆధారం ఒక్క గేదె. అడగ్గానే చెంబెడు పాలు పోసింది గానీ, "ఇరగ్గొట్టనని పొదుగు ముట్టుకుని ఒట్టెయ్యి," అంది.

తాయారు ముట్టుకుని ఒట్టేసింది. ఇంటికొచ్చి తలుపు గడియపెట్టి, మరుగుతున్న పాలలో నిమ్మకాయ పిండింది. పాపం చేస్తున్నానని తెలిసే పిండింది. తేట వడగట్టి, చల్లార్చి, కాస్తకాస్తా పిల్లాడి నోట్లో పోసింది. పొద్దువాలేసరికి వాంతులు కట్టాయి.

మర్నాడు పొద్దున్నే జగ్గమ్మ చెంబుతో గుమ్మంలోకి వచ్చింది. దండేనికి వేలాడుతున్న విరుగుడు మూట ఆమె కంటపడింది.

"గేదె సేపనేదు. ఎంత పిండినా సెంబు అడుగున ఇన్నే పాలు వచ్చినాయి," అంది.

తాయారు ఆమె కాళ్ళ మీద పడిపోయింది. "నన్ను సంపీ, అత్తా. నాను ఒట్టు తప్పినాను."

"పిల్లోడికి నిలిసిందేటి?"

"నిలిసింది."

జగ్గమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, చెంబు తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టింది.

"నా గేదె ఎలాగూ పోనాది. ఇయ్యీ ఇరగ్గొట్టెయ్యి. ఆడైనా దక్కాల గదే."